మంచి డార్జిలింగ్ టీలో ఒక్కసారి తగిలిన ఆ వాసన మళ్లీ రావట్లేదు. ఎక్కడ తప్పుతోంది?

అచ్చుతప్పు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు ప్రశ్న, ఓపిక పట్టండి.

నేను ప్రూఫులు దిద్దే పని చేస్తాను. 28 ఏళ్లుగా టీ తాగుతున్నాను, రోజుకి ఐదారు కప్పులు. తాగుతున్నాను అనడం కూడా పెద్ద మాటే, గొంతులో పోసుకుంటున్నాను. పొడి, పాలు, పంచదార కలిపి మరిగించి కాగితాల పక్కన పెట్టుకుంటాను. సగం తాగేసరికి పైన మీగడ కడుతుంది. దాన్ని చెంచాతో పక్కకి తీసి మిగతాది కూడా కానిచ్చేస్తాను. టీ రుచి ఎలా ఉంటుందని ఎవరైనా అడిగి ఉంటే "వేడిగా, తియ్యగా" అని చెప్పేవాణ్ణి. నిద్ర ఆపుకోవడానికి తాగేదానికి ఇంకేం రుచి కావాలి?

పోయిన నెల ఒక లావు పుస్తకం పని అయింది. వెనకాల పదసూచికలో పేజీ నంబర్లన్నీ రెండేసి తేడాతో ఉన్నాయని చివరి నిమిషంలో నా కంట పడింది. ఆ రచయిత సంతోషపడి చిన్న డబ్బా ఒకటి చేతిలో పెట్టారు. 50 గ్రాముల టీ. దాని మీద డార్జిలింగ్ అని, ఫస్ట్ ఫ్లష్ అని, తోట పేరు, కోసిన సంవత్సరం ఉన్నాయి. కింద "ఎస్‌ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ1" అని ఒక అక్షరాల గొలుసు. వృత్తి దోషం కదా, ముందు అది అచ్చుతప్పే అనుకున్నాను.

మూత తీస్తే పొడి లేదు. సన్నగా మెలితిరిగిన ఆకులు, అక్కడక్కడా తెల్లటి నూగుతో మొగ్గలు. పైన బ్లాక్ టీ అని రాసి ఉంది, చూస్తే సగం ఆకు పచ్చగానే ఉంది. మొదటి కప్పు నాకు అలవాటైన పద్ధతిలోనే, పాలలో వేసి మరగబెట్టాను. రంగే దిగలేదు. పంచదార పాలు తాగినట్టుంది. రెండోసారి పాలు మానేసి, ఆకుని నీళ్లలో ఐదు నిమిషాలు తెర్లనిచ్చాను. ఒక్క గుక్కకే నాలుక గరుకు కాగితం అయిపోయింది. ఎవరైనా బాగా డబ్బున్నవాళ్లు ఒకరినొకరు మోసం చేసుకోవడానికి కనిపెట్టిన వస్తువు కాబోలనుకుని డబ్బా పై అరలో పడేశాను.

పది రోజుల తర్వాత ఒక సాయంత్రం ఇంట్లో మామూలు పొడి అయిపోయింది. వేరే గతి లేక ఆ డబ్బా దించాను. నీళ్లు కాగాయి. అంతలో ఫోను. ఒక కామా ఉండాలా తీసేయాలా అని ఒకాయనతో చర్చ. వచ్చేసరికి నీళ్లు కాస్త చల్లబడ్డాయి. మళ్లీ కాచే ఓపిక లేక కప్పులో చెంచాడు ఆకు వేసి ఆ నీళ్లే పోశాను, పైన సాసరు మూశాను. కాసేపటికి వడకట్టి బల్ల మీద పెట్టుకుని ప్రూఫుల్లో పడ్డాను. గుర్తొచ్చి కప్పు ఎత్తేసరికి గోరువెచ్చగా ఉంది. ఒక గుక్క తాగితే ఏమీ లేదు, వేడి నీళ్లలాగే ఉంది. మింగేశాను. మింగాక ఊపిరి వదిలాను చూడండి, అప్పుడు ముక్కులోంచి పూలవాసన వచ్చింది.

నిజంగా వెనక్కి తిరిగి చూశాను, గదిలోకి ఎవరైనా వచ్చారేమో అని. ఎవరూ లేరు. ఇంకో గుక్క. మళ్లీ అంతే, నోట్లో ఉన్నప్పుడు ఏమీ లేదు, గొంతు దిగాక పైకి వచ్చింది. ఏ పువ్వు అంటే చెప్పలేను. పువ్వుతో పాటు పచ్చి ద్రాక్ష తొక్క కొరికినట్టు, వాన వెలిసిన గడ్డి మీద నడిచినట్టు ఉంది. గొంతులో చాలాసేపు సన్నటి తీపి నిలబడింది, పంచదార వేయలేదు మరి. ఆ ఒక్క కప్పు తాగడానికి 40 నిమిషాలు పట్టింది. ఆ సాయంత్రం దిద్దిన రెండు పేజీలూ మర్నాడు మళ్లీ దిద్దుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఐదుసార్లు పెట్టాను. రెండుసార్లే ఆ వాసన వచ్చింది. మూడుసార్లు ఒట్టి వగరు. అదే డబ్బా, అదే కప్పు, అదే చెంచా. ఇందులో ఏదైనా సెంటు కలుపుతారా? లేక ఖరీదైనదని తెలిసి నేనే ఊహించుకుంటున్నానా? ఊహ కాకపోతే ప్రతిసారీ ఎందుకు రాదు? డబ్బా సగానికి వచ్చింది, అందుకే కంగారు.

ఆకూ_అలమూ

అచ్చుతప్పు గారూ, మీరు రాసింది చదివి నేను కూడా లేచి ఒక కప్పు పెట్టుకున్నాను.

సెంటు ఏమీ కలపరు. కలిపితే డబ్బా మీద రాస్తారు, ఎర్ల్ గ్రే అనే టీలో బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు నూనె కలిపినట్టు. మీకు వచ్చింది ఆకు సొంత వాసనే. చలికాలమంతా నిద్రపోయిన డార్జిలింగ్ మొక్క ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో మొదటి చిగురు వేస్తుంది. ఫ్లష్ అంటే అదే, చిగురు వేసే విడత. ఆ చిగుళ్లని కోసి గాలి ఊది బాగా వాడబెడతారు. తేమ చాలా వరకు పోవడం వల్ల ఆకు తర్వాత పూర్తిగా నల్లబడదు. అందుకే బ్లాక్ టీ అని రాసి ఉన్నా మీకు పచ్చగా కనిపించింది.

ఇక ఆ అక్షరాల గొలుసు అచ్చుతప్పు కాదు లెండి. సూపర్ ఫైన్ టిప్పీ గోల్డెన్ ఫ్లవరీ ఆరెంజ్ పెకో. ఆరెంజ్ అన్నారని నారింజ వాసన వెతక్కండి, అది ఆకు గ్రేడు పేరు మాత్రమే. ఆకు ఎంత నిండుగా ఉంది, ఎన్ని మొగ్గలున్నాయి అన్నదే దాంట్లో తెలుస్తుంది, రుచి తెలియదు. నేనైతే ఆ గొలుసు కంటే తోట పేరు, కోత, సంవత్సరం చూస్తాను. ఆ మూడూ రాసినవాళ్లు ఏం అమ్ముతున్నారో తెలిసి అమ్ముతున్నారు. రాయల్ అని, ప్రీమియం అని బంగారు అక్షరాలు మాత్రమే ఉంటే డబ్బాకి డబ్బులిచ్చినట్టే.

పాలలో రంగు దిగలేదన్నారు. మనం రోజూ మరిగించే గుళికల టీ వేరే జాతి పని. సీటీసీ అంటారు, ఆకుని నలిపి, చింపి, చుట్టేస్తారు. 1930లో అస్సాంలో విలియం మెక్‌కెర్చర్ ఆ యంత్రాన్ని తీసుకొచ్చాడు. ఆకు అంత చితికిపోతే రంగూ ఘాటూ ఒక్కసారిగా దిగుతాయి, ఎన్ని పాలు పోసినా తట్టుకుంటుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు, పొద్దున్న నేనూ అదే తాగుతాను. మీ డబ్బాలోని ఆకుని చితక్కొట్టలేదు. దాని దగ్గరున్న వాసనంతా పాలు మింగేస్తాయి.

పెట్టే పద్ధతి చెప్తాను. 200 మిల్లీలీటర్ల నీళ్లకి రెండున్నర గ్రాములు. చెంచా కొలత నమ్మకండి, ఈ ఆకు గుల్లగా ఉంటుంది, ఒక్కోసారి చెంచాలో సగమే పడుతుంది. చిన్న త్రాసు ఉంటే మంచిది. నీళ్లు కాగాక మూడు నాలుగు నిమిషాలు ఆగండి, 85 నుంచి 90 డిగ్రీల మధ్యకి రావాలి. మూత పెట్టి మూడు నిమిషాలు. తర్వాత ఆకు మొత్తం తీసేయాలి, కప్పులో వదలొద్దు. మీ ఫోను మీకు తెలియకుండానే ఇదంతా చేయించింది.

ఏ నీళ్లు వాడుతున్నారు? 8వ శతాబ్దంలోనే చైనాలో లు యూ అనే ఆయన టీకి కొండ ఊట నీళ్లు మేలు, తర్వాత ఏటి నీళ్లు, బావి నీళ్లు ఆఖరు అని లెక్క కట్టాడు. మీ కెటిల్ అడుగున తెల్లటి చారలు కడుతున్నాయా?

పాలటీ_పక్షం

నన్ను తిట్టినా సరే, ఒక మాట అనాలి. ఎవరైనా చక్కటి డబ్బాలో పెట్టి, తోట పేరు రాసి, చేతిలో పెడితే నాకూ పూలవాసన వస్తుంది. ఐదింటిలో రెండుసార్లే వచ్చిందంటున్నారు. నాణెం ఎగరేస్తే అంతకంటే ఎక్కువసార్లు బొమ్మ పడుతుంది.

మీరు పరిశీలన ఉన్న మనిషిలా ఉన్నారు కాబట్టి ఒక పరీక్ష చెప్తాను. రుచులు చూసే ల్యాబుల్లో చేసేదే. ఒకేలాంటి మూడు కప్పులు. రెండింటిలో ఒక టీ, ఒకదాంట్లో వేరే టీ, రెండూ ఒకే పద్ధతిలో పెట్టాలి. ఎందులో ఏముందో మీకు తెలియకూడదు, ఇంకొకరు పోసి ఇవ్వాలి. కళ్లు మూసుకుని వేరుగా ఉన్న కప్పు ఏదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఒక్కసారి సరిపోదు, ఐదారుసార్లు చేయండి. తేడా పట్టుకుంటే నేను నోరు మూసుకుంటాను. పట్టుకోలేకపోతే మిగతా సగం డబ్బా ఎవరికైనా బహుమతి ఇచ్చేసి హాయిగా పాల టీకి వచ్చేయండి. మా పక్షంలో జనం ఎక్కువ.

గాజు_బీకరు

నేను కెమిస్ట్రీ చెప్తాను, టీ నాకు వృత్తి కాదు, వ్యసనం. అచ్చుతప్పు గారు అనుకోకుండా రాసిన రెండు వివరాలు నాకు నచ్చాయి.

ఒకటి, మింగాక ఊపిరి వదిలినప్పుడు వాసన వచ్చిందన్నారు. అది ఊహ కాదు. నోటి వెనక నుంచి ముక్కులోకి ఒక దారి ఉంది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ఆ దారిన వెళ్లే వాసనే. జలుబు చేసినప్పుడు ఏం తిన్నా చప్పగా ఉండేది అందుకే. టీ రుచి చూసే ఉద్యోగులు చెంచాతో పెద్ద చప్పుడు చేస్తూ జుర్రుతారు. మర్యాద తెలియక కాదు, టీని తుంపరగా చేసి ఆ వెనక దారిన పంపడానికి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మీరూ జుర్రి చూడండి.

రెండోది, గోరువెచ్చగా ఉన్నప్పుడు తాగారు. కాలుతున్న టీలో నాలుకకి తెలిసేది వేడి ఒక్కటే. పైగా అంత వేడి మంచిది కూడా కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో 65 డిగ్రీలు దాటిన పానీయాలని బహుశా క్యాన్సర్ కారకం కావచ్చు అన్న జాబితాలో పెట్టింది. మీరు కప్పు మర్చిపోవడం వల్ల రెండు లాభాలు.

నీళ్ల వేడి సంగతికి వస్తే, టీలో వగరూ చేదూ ఎక్కువగా ఆకులో ఉండే కాటెకిన్లు అనే పదార్థాల వల్ల, కెఫీన్ వల్ల. నీళ్లు ఎంత వేడిగా ఉంటే, ఎంతసేపు నానితే అవి అంత దిగుతాయి. థియనైన్ లాంటి అమైనో ఆమ్లాలకి అంత వేడి అక్కర్లేదు, ముందే వచ్చేస్తాయి. నోటికి నిండుగా, కమ్మగా తగిలేది వాటివల్లే. థియనైన్‌ని మొదట జపాన్‌లో గ్యోకురో అనే టీ ఆకులోంచి వేరుచేశారు. ఆ మొక్కలకి కోతకి ముందు సుమారు మూడు వారాలు ఎండ తగలకుండా పందిరి కడతారు. ఎండ లేకపోతే థియనైన్ కాటెకిన్లుగా మారడం తగ్గి, ఆకులోనే మిగులుతుంది. ఆ టీని 50, 60 డిగ్రీల నీళ్లతోనే పెడతారు. మీ రెండో కప్పు అయిదు నిమిషాలు తెర్లింది కదా, వగరుకి అంతకంటే మంచి ప్రయోగం నేను కూడా చెప్పలేను. పాలు పోస్తే వగరు తగ్గేది పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ ఆ పదార్థాలని పట్టేసుకోవడం వల్ల.

నవ్వుకోవడానికి ఒకటి. టీ పెట్టడానికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్‌ఓ 3103, మొదట 1980లో వచ్చింది. 100 మిల్లీలీటర్లకి 2 గ్రాములు, తెర్లే నీళ్లు, 6 నిమిషాలు. దీనికి మూలమైన బ్రిటిష్ ప్రమాణం ఆరు పేజీలు ఉంటుంది. దాన్ని రాసినందుకు బ్రిటిష్ స్టాండర్డ్స్ సంస్థకి 1999లో ఇగ్ నోబెల్ సాహిత్య బహుమతి ఇచ్చారు, నోబెల్‌ని అనుకరిస్తూ నవ్వు తెప్పించే పనులకి ఇచ్చేది. ఆ కొలత తాగడానికి కాదు, రకాల్ని ఒకదాంతో ఒకటి పోల్చడానికి. దాన్ని చూసి ఇంట్లో టీ పెడితే మీ గరుకు కాగితమే మళ్లీ వస్తుంది.

వగరు వచ్చిన మూడుసార్లకీ వాసన వచ్చిన రెండుసార్లకీ మధ్య ఏం మారింది? నీళ్లు, టైము, కప్పు, అంతకు ముందు ఏం తిన్నారు, అన్నీ రాయండి.

అచ్చుతప్పు

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అందరికీ థాంక్స్.

నీళ్లు ఐదుసార్లూ ఒకటే, ఫిల్టర్‌వి. కెటిల్‌లో చారలు లేవు. ఆకు మాత్రం చెంచాతోనే వేశాను, త్రాసు ఇవాళే అడిగి తెచ్చుకున్నాను. నా చెంచాకి ఒకసారి 1.6 గ్రాములు, ఇంకోసారి 2.9 వచ్చింది! అదే చెంచా, అదే చెయ్యి. 28 ఏళ్లుగా "ఒక చెంచా" అని నమ్మకంగా చెప్తున్నాను.

కానీ ఒక్క త్రాసుతో తేలేలా లేదు. ప్రూఫుల మార్జిన్లో ఏ రోజు ఏం చేశానో గీసుకోవడం అలవాటు కాబట్టి అవి తిరగేశాను. వాసన వచ్చిన రెండూ, ఆ మొదటిదీ కలిపి మూడూ సాయంత్రాలు. ఐదున్నర, ఆరు ఆ ప్రాంతం. రాని మూడూ పొద్దున్నవి. లేవగానే పళ్లు తోముకుని, వంటింట్లోకి వెళ్లి, ఏమీ తినకుండా తాగినవి. ఖాళీ కడుపున నాలుక ఇంకా బాగా పనిచేయాలి కదా? పొద్దున్న మెదడు మొద్దుగా ఉంటుందనుకోవాలా?

పాలటీ_పక్షం గారూ, పరీక్ష చేస్తాను. మా ఆవిడ పోసి ఇస్తానంది. నేను ఓడిపోవాలని ఆవిడకి బాగా ఉబలాటంగా ఉంది.

గాజు_బీకరు

మెదడు కాదండీ, టూత్‌పేస్టు.

నురగ రావడానికి చాలా పేస్టుల్లో సోడియం లారిల్ సల్ఫేట్ వేస్తారు. అది కాసేపు నాలుక మీద తీపి తెలియకుండా చేస్తుంది, చేదుని ఎక్కువ చేసి చూపిస్తుంది. పళ్లు తోముకున్న వెంటనే పళ్లరసం తాగితే చేదుగా ఉండటం అందరికీ అనుభవమే. దానికి తోడు పుదీనా వాసన. మీరు వెతుకుతున్నది ఊపిరిలో వచ్చే సన్నటి వాసన, గొంతులో నిలిచే సన్నటి తీపి. ఒకదాన్ని పుదీనా కప్పేసింది, రెండోదాన్ని నురగ తుడిచేసింది. మిగిలింది వగరు.

28 ఏళ్లుగా పొద్దున్న టీకి ఈ తేడా ఎందుకు తెలియలేదంటారేమో. పాలూ పంచదారా వేసి మరిగించిన టీకి పేస్టు ఏం చేయగలదు? అంత బలమైన రుచి ముందు అది లెక్కలోకి రాదు. నోట్లో చిన్న అడ్డు ఉన్నా తెలిసేది ఇలాంటి పలచటి టీలోనే. గంట ఆగి తాగి చూడండి.

నిదానం

ఆలస్యంగా వచ్చాను. ఒక్క డార్జిలింగ్ దగ్గరే ఆగిపోతారేమో అని రాస్తున్నాను, ఎందుకంటే నేను అలాగే మొదలై ఊలాంగ్‌లలో తేలాను, అంటే గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్యరకం టీలలో.

ఈ వాసనల వెనక పురుగులు కూడా ఉంటాయని చెప్తే నమ్ముతారా? తైవాన్‌లో ఓరియంటల్ బ్యూటీ అనే ఊలాంగ్ ఉంది. వేసవిలో పచ్చదోమ లాంటి చిన్న పురుగు లేత చిగుళ్ల రసం పీలుస్తుంది. మామూలుగా అయితే పంట పాడైందని నెత్తి కొట్టుకోవాలి. కానీ గాయపడిన ఆకు తనని కాపాడుకోవడానికి కొన్ని వాసన పదార్థాలు తయారు చేస్తుంది. ఆ ఆకుతో చేసిన టీలో తేనె వాసన వస్తుంది. పురుగు కుట్టాలి కాబట్టి ఆ తోటల్లో ఆ వేళకి మందు కొట్టరు. డార్జిలింగ్‌లో కూడా మే, జూన్‌లలో వచ్చే సెకండ్ ఫ్లష్‌లో మస్కటెల్ అనే ద్రాక్ష వాసనకి ఆ జాతి పురుగులే సాయం చేస్తాయి. మీది ఫస్ట్ ఫ్లష్ కాబట్టి అందులో పూలూ పచ్చిదనమే ఎక్కువ. సెకండ్ ఫ్లష్ రంగూ రుచీ రెండూ కాస్త చిక్కన. పాల టీ నుంచి వచ్చినవాళ్లకి నిజానికి అదే సులువు. మీరు కష్టమైన చివర నుంచి మొదలుపెట్టారు.

వెంటనే తెల్ల టీకి మాత్రం పోకండి. చైనాలో ఫుజియాన్ నుంచి వచ్చే సిల్వర్ నీడిల్ అని ఉంటుంది, అచ్చంగా మొగ్గలే. మహా నాజూకు. నేను తొందరపడి కొని, మొదటి నెలంతా వేడి నీళ్లు తాగుతున్నానన్న అనుమానంతోనే గడిపాను.

ఊలాంగ్ పెట్టడంలో సుఖం వేరు. 100 మిల్లీలీటర్ల మూత కప్పులో 5, 6 గ్రాములు వేసి, పదిహేను ఇరవై సెకన్లకే వంచేయడం. అదే ఆకు మీద మళ్లీ మళ్లీ పోయడం. మూడోసారికి ఉన్న వాసన ఐదోసారికి ఉండదు, వేరేది వస్తుంది. మీరూ ఆకు ఒకసారికే పారేస్తుంటే ఆగండి, ఫస్ట్ ఫ్లష్ కూడా రెండోసారి ఇస్తుంది, ఇంకో నిమిషం ఎక్కువ నాననివ్వండి.

గొప్ప టీ అనగానే ఫుజియాన్‌లోనే వూయీ కొండల మీది దా హోంగ్ పావ్ అనే ఊలాంగ్ కథలు మీ చెవిన పడతాయి. అక్కడ బండ మీద ఉన్న ఆ ఆరు తల్లి చెట్ల ఆకు కోయడం ఎప్పుడో ఆపేశారు, చివరి కోత 2005లో. అందులో 20 గ్రాములు చైనా జాతీయ మ్యూజియానికి వెళ్లాయి. తల్లి చెట్టు ఆకు అని ఎవరైనా అమ్మజూపితే నవ్వి పక్కకి వచ్చేయండి. ఆ పేరుతో దొరికేవి కొమ్మలు నాటి పెంచిన మొక్కలవి, లేదా కొన్ని రకాలు కలిపినవి. అవీ బాగుంటాయి, అది వేరే సంగతి.

అచ్చుతప్పు

రెండు వారాలైంది. రిపోర్టు ఇస్తున్నాను.

టూత్‌పేస్టే దొంగ. పొద్దున్న ఏడింటికి పళ్లు తోముకుని ఎనిమిదిన్నరకి తాగితే వాసన వచ్చింది. రుజువు కోసం మర్నాడు తోముకున్న వెంటనే తాగాను, మళ్లీ వగరే. ఆ కప్పు వృథా చేసినందుకు రోజంతా బాధపడ్డాను. ఒకప్పుడు కప్పులకి కప్పులు సింకులో పారబోసినవాణ్ణి, ఇప్పుడు రెండున్నర గ్రాములకి బాధ.

పరీక్ష కూడా అయింది. మా ఆవిడ తెల్ల కప్పులు మూడు తీసి, అడుగున పెన్సిలుతో గుర్తులు పెట్టి, నన్ను గది బయట నిలబెట్టి పోసింది. రంగు చూసి చెప్పేస్తానని కళ్లకి తువ్వాలు కట్టింది. రెండో టీ ఏదో చెప్పలేదు, తర్వాత తెలిసింది, ఆవిడ తోటి ఉద్యోగి ఇచ్చిన వేరే ఆకు టీ అట. ఆరుసార్లలో ఐదుసార్లు సరిగ్గా చెప్పాను. తప్పింది నాలుగోసారి, అప్పటికి నోరంతా టీయే. మధ్యలో నీళ్లు తాగమని ఎవరూ చెప్పలేదు! పాలటీ_పక్షం గారూ, మీరు నోరు మూసుకోనక్కర్లేదు గానీ నాణెం మాట వెనక్కి తీసుకోవాలి.

అసలు విషయం ఇది కాదు. తర్వాత ఆవిడ కూర్చుంది, తువ్వాలు ఆవిడకి కట్టాను. ఆరుకి ఆరూ చెప్పింది. ఒక్కోదానికి రెండు సెకన్లు కూడా పట్టలేదు. ఇన్నాళ్లూ నేను పెట్టిన టీ తాగి ఏమీ అనకుండా ఊరుకుందంటే ఎంత ఓర్చుకుందో. సరే, ఏది బాగుందీ అని అడిగాను. "తేడా తెలుస్తోంది, కానీ నాకు రెండూ వద్దు, పాలు పోసి పెట్టు" అంది. వాదించలేదు. పెట్టి ఇచ్చాను. ఆ గుళికల టీ మరుగుతుంటే కూడా ఒక వాసన వస్తుంది, గమనించారా? కాస్త మట్టీ, కాస్త బెల్లప్పాకం. ఇంతకు ముందు గిన్నె దగ్గర నిలబడి పొంగకుండా చూసుకున్నాను గానీ, వాసన చూడాలని తోచలేదు.

జుర్రడం కూడా ప్రయత్నించాను. గొంతులో పడి, దగ్గి, రెండు ప్రూఫు పేజీల మీద తుంపర. ఆ పేజీలు అలాగే పంపించాను, అడిగితే వాన అని చెప్తాను.

నిదానం గారు చెప్పినట్టు రెండోసారి నీళ్లు పోశాను. మొదటిదాంట్లో ఉన్న పూలు ఉండవు, పచ్చి గడ్డి మాత్రం మిగిలి ఉంటుంది. నాకు అదే ఇంకా హాయిగా ఉంది, ఎందుకో తెలియదు. విచ్చుకున్న ఆకుని చేతిలోకి తీసుకుని చూశాను. రెండు ఆకులూ ఒక మొగ్గా, పాపం అలాగే కలిసి ఉన్నాయి, ఎవరో వేళ్లతో తుంచిన చోటు కూడా కనిపిస్తోంది.

ఇప్పుడు డబ్బాలో 5 గ్రాములు ఉన్నాయి. తూచాను. అంటే రెండు కప్పులు. ఒకటి తాగి, ఒకటి దాచుకోవాలనిపిస్తోంది. డబ్బా మూత గట్టిదే. ఎన్నాళ్లు ఉంటుంది? ఆ రచయితని ఇంకో డబ్బా అడగలేను, అడగాలంటే ముందు ఆయన ఇంకో పుస్తకం రాయాలి, అందులో తప్పులు ఉండాలి.

ఆకూ_అలమూ

దాచకండి. పుయర్ అనే చైనా టీ లాంటివి ఏళ్ల తరబడి దాచేకొద్దీ మారుతూ బాగుపడతాయంటారు, ఫస్ట్ ఫ్లష్ అలాంటిది కాదు. దాని సొగసంతా తాజాదనమే. వెలుతురు, గాలి, తేమ, పక్కనున్న డబ్బాల వాసన, అన్నీ దానికి శత్రువులే. సగం ఖాళీ అయిన డబ్బాలో గాలి ఎక్కువ, ఆకు తక్కువ, ఇంకా త్వరగా పోతుంది. ఏడాది తర్వాత మూత తీస్తే ఎండుగడ్డి వాసన వస్తుంది, అప్పుడు మళ్లీ ఇక్కడికొచ్చి ఏం తప్పు చేశానని అడుగుతారు.

మీరు కొనుక్కునేటప్పుడు కూడా చిన్న ప్యాకెట్టే తీసుకోండి. సంవత్సరం చూడండి. డార్జిలింగ్ అన్న పేరుకి 2004లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన దేశంలో మొదటిది అదే. ఆ గుర్తు ఉందో లేదో చూసుకోండి. మీ నాలుకకి సెకండ్ ఫ్లష్ ఒకటి తోడు తెచ్చుకుని, రెండూ పక్కపక్కన పెట్టి చూడమని నా సలహా.

పాలటీ_పక్షం

నాణెం మాట వెనక్కి తీసుకున్నాను. మేడమ్ గారిని మా పక్షానికి గౌరవాధ్యక్షురాలిగా ప్రకటిస్తున్నాను, ఆరుకి ఆరు చెప్పి కూడా పాలు అడిగారంటే అది నిలకడ.

ఇంకో సంగతి. మా ఆఫీసులో ఎవరో పెట్టిపోయిన ఆకు టీ ఉంటే, ఎవరూ చూడకుండా నీళ్లు చల్లార్చి మూడు నిమిషాలు పెట్టి చూశాను. పూలూ గీలూ ఏమీ రాలేదు. మింగాక ఊపిరి వదిలినప్పుడు మాత్రం ఏదో ఉంది. ఏదో అంతే, ఇంకేం అడక్కండి.

అచ్చుతప్పు

సరే, దాచట్లేదు. ఇవాళ సాయంత్రం ప్రూఫులు పక్కన పెట్టాను. 5 గ్రాములూ ఒకేసారి వేసి 400 మిల్లీలీటర్లు పెడుతున్నాను, రెండు కప్పులకి. రెండోది మా ఆవిడకి. ఒప్పుకుంది, కానీ పాలగిన్నె పక్కనే పెట్టమంది.

నీళ్లు చల్లారుతున్నాయి. ఇంకా రెండు నిమిషాలు ఉంది.